అచ్చుకూటం తగలబడిన రాత్రి

ఈ సంచికకి తెలుగు వ్యాకరణాల మీద ఏదైనా రాయమని మన క్లబ్ వాళ్ళు అడిగారు. చిన్నయసూరి గురించి రాసేద్దాం, అందరికీ తెలిసిన పేరు, పని తొందరగా అయిపోతుంది అనుకుని కూర్చున్నాను. పాత వ్యాకరణాల జాబితా చూస్తుంటే 1814 దగ్గర ఒక పేరు కనబడింది. విలియం కేరీ.

ఆ పేరు నాకు కొత్తది కాదు. మా ఊళ్ళో పాస్టర్ గారి ముందుగదిలో ఫ్రేము కట్టిన డిగ్రీ పట్టా ఒకటి ఉంటుంది. దాని మీద శ్రీరాంపూర్ పేరు ఉంటుంది. మన దగ్గర బైబిల్ కాలేజీల్లో చదివిన చాలామంది పాస్టర్లకి పట్టా అక్కడి నుంచే వస్తుంది. సండేస్కూల్లో మాకు ఆయన కథ చెప్పేవాళ్ళు: చెప్పులు కుట్టే కుర్రాడు పెద్ద మిషనరీ అయ్యాడు, నలభై ఏళ్ళు ఇండియాలో ఉన్నాడు, బైబిల్‌ని బోలెడు భాషల్లోకి మార్చాడు, ఆమెన్. ఆయన తెలుగు వ్యాకరణం రాశాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది ఒకసారి కాలిపోతే మళ్ళీ రాశాడన్న సంగతి అసలే తెలీదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నిరుడు ఫిబ్రవరిలో మా నాన్న పోయారు. ఆ సెమిస్టర్‌లో నాకు నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ, మంచి మనసుతోనే, దేవుడు ఏం చేసినా మన మంచికే అన్నారు. తల ఊపాను. ఆ మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే ఏమీ వచ్చేది కాదు. కాబట్టి కేరీ జీవితం చదవడం మొదలుపెట్టాక నేను వెతికింది ఆయన ఏం సాధించాడని కాదు. దెబ్బ తగిలిన మర్నాడు పొద్దున్న ఆయన ఏం చేశాడని.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఎడ్మండ్ మగ్గం నేసేవాడు, తర్వాత ఊరి బడిలో పంతులయ్యాడు. కొడుకుకి ఎండ తగిలితే చర్మం మీద దద్దుర్లు లేచే జబ్బు. పొలం పనికి పనికిరాడని పద్నాలుగో ఏట చెప్పులు కుట్టే వాళ్ళ దగ్గర చేర్చారు. అక్కడ జాన్ వార్ అనే తోటి పనివాడితో మతం మీద వాదనలు పెట్టుకునేవాడు. చాలాసార్లు మాటల్లో గెలిచి, మనసులో ఓడి ఇంటికి వెళ్ళేవాడు. ఆ ఓటమిలోంచే ఆయన విశ్వాసం పుట్టింది.

పంతొమ్మిదేళ్ళకే డొరతీ ప్లాకెట్‌తో పెళ్ళి. ఆమెకి చదువు రాదు, పెళ్ళి రిజిస్టర్‌లో సంతకం చోట అడ్డగీత గీసింది. మొదటి పాప ఆన్ రెండేళ్ళు నిండకుండానే జ్వరంతో పోయింది. అదే జ్వరం తండ్రినీ పట్టింది. బతికాడు గానీ జుట్టు రాలిపోయింది, కుర్రవయసులోనే విగ్గు పెట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత పదేళ్ళు గబగబా చెప్పేస్తాను. పగలు చెప్పులు, సాయంత్రం బడి, ఆదివారం ప్రసంగం. వీటి మధ్య సొంతంగా లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. గోడ మీద చేత్తో గీసిన ప్రపంచ పటం పెట్టుకుని ఏ దేశంలో ఎంత జనం, ఏ మతం అని రాసుకునేవాడు. 1792లో ఇదంతా ఒక చిన్న పుస్తకంగా వేశాడు. అదే ఏడాది అక్టోబరు 2న కెటరింగ్‌లో ఒక వితంతువు ఇంట్లో కొద్దిమంది కూర్చుని బాప్టిస్టు మిషనరీ సంఘం పెట్టారు. ఆ రోజు పోగైన హామీ మొత్తం 13 పౌండ్ల చిల్లర. మన టెక్‌ఫెస్ట్ చందాలు గుర్తొచ్చాయి.

1793లో ఇండియా ప్రయాణం. డొరతీ రానంది. కడుపుతో ఉంది, ముగ్గురు పిల్లలు, తిరిగి వస్తారో లేదో తెలీని ప్రయాణం. కేరీ పెద్ద కొడుకు ఫెలిక్స్‌ని తీసుకుని ఓడ ఎక్కేశాడు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేదని వాళ్ళని దింపేశారు. ఆలోగా డొరతీ ప్రసవించింది. ఇంకో ఓడ, డెన్మార్కు వాళ్ళది, దొరికింది. మళ్ళీ ఇంటికి వచ్చి అడిగారు. చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానని చివరికి ఒప్పుకుంది. కొన్ని గంటల్లో సామాను సర్దుకుని, నెల దాటీ దాటని పసివాడితో జూన్ 13న డోవర్‌లో ఓడ ఎక్కింది. అయిదు నెలల సముద్రం. సండేస్కూల్ కథలో ఈ భాగం ఒక్క వాక్యంలో తేలిపోయేది. నాకు మాత్రం ఇక్కడే చాలాసేపు చదవడం ఆగిపోయింది. పిలుపు వచ్చింది కేరీకి. పిలుపు రాని మనిషి కూడా అదే ఓడలో ఉంది.

కలకత్తా చేరాక తోటి మిషనరీ జాన్ థామస్ చేతిలో డబ్బు నీళ్ళలా ఖర్చయిపోయింది. ఇల్లు మీద ఇల్లు మారారు. చివరికి సుందర్‌బన్స్ అంచున, పులులు తిరిగే చోట, అడవి నరికి గుడిసె వేసుకోబోయారు. డొరతీకీ పెద్ద పిల్లాడికీ రక్త విరేచనాలు. అంతలో మాల్దా వైపు ముద్నాబాటీ అనే చోట నీలిమందు ఫ్యాక్టరీలో మేనేజరు ఉద్యోగం దొరికింది. కేరీ దాన్ని ప్రార్థనకి జవాబు అనుకున్నాడు. ఇక నాకు జీతం పంపనక్కర్లేదు, ఆ డబ్బు వేరే పనికి వాడండి అని ఇంగ్లండుకి రాశాడు కూడా.

ఆ జవాబు అనుకున్న చోటే 1794 శరదృతువులో ఐదేళ్ళ పీటర్ చనిపోయాడు.

కేరీ కూడా జ్వరంతో మంచంలో ఉన్నాడు. బిడ్డని పాతిపెట్టడానికి గొయ్యి తవ్వే మనిషి దొరకలేదు, మోసే మనిషి దొరకలేదు. కులం పోతుందని ఎవరికి వారు తప్పుకున్నారు. అతి కష్టం మీద ఆ పని జరిగింది. ఆ తర్వాత డొరతీ మనసు చెదిరిపోయింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, అరుపులు, అందరి ముందూ తిట్లు. దీనికి ఈ రోజుల్లో డాక్టర్లు ఒక పేరు చెప్పి మందు రాసేవాళ్ళు. అప్పుడు మందూ లేదు, పేరూ లేదు. చనిపోయేదాకా, అంటే 1807 డిసెంబరు వరకూ, ఆమె అలాగే ఉంది. చాలా కాలం గదిలో పెట్టి చూసుకోవాల్సి వచ్చింది. పక్క గదిలో ఆ కేకలు వినబడుతుండగానే కేరీ అనువాదం చేసేవాడు.

ముద్నాబాటీలో ఆయన డైరీ రాసుకున్నాడు. విశ్వాస వీరుడి డైరీ కదా, ధైర్యం ధైర్యం అని ఉంటుందనుకున్నాను. దానికి పూర్తిగా తలకిందులు. ఒంటరితనం, తన మీద తనకే విసుగు, ప్రార్థనలో మనసు నిలవడం లేదన్న బాధ, మాట్లాడుకోవడానికి ఒక్క స్నేహితుడూ లేడన్న దిగులు. ఒక రోజు దేవుడు దగ్గరే ఉన్నట్టు రాసుకుంటాడు, మర్నాడు ఎండిపోయినట్టు రాసుకుంటాడు. నిజం చెప్పాలంటే, నాన్న పోయాక నాకు ఎవరి ఓదార్పు మాటా చెయ్యని మేలు ఆ డైరీ సంగతి చేసింది. నమ్మకం ఉన్నవాడికీ ఏమీ అనిపించని రోజులు ఉంటాయని నాకు ఎవరూ చెప్పలేదు మరి.

ఆ రోజుల్లోనూ ఒక పని మాత్రం ఆగలేదు. రామ్ రామ్ బసు అనే మున్షీ దగ్గర కూర్చుని బెంగాలీ నేర్చుకోవడం, కొత్త నిబంధనని బెంగాలీలోకి మార్చడం. పగలు నీలిమందు తొట్లు, ఊళ్ళలో బోధ. రాత్రి అనువాదం. ఇండియాకి వచ్చి ఏడేళ్ళు గడిచినా ఆయన బోధ విని బాప్తిస్మం తీసుకున్న బెంగాలీ ఒక్కరూ లేరు. ఏడేళ్ళు! మనం ఒక సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్ రాకపోతే జీవితం అయిపోయిందంటాం.

1800 జనవరిలో కలకత్తాకి దగ్గర్లో, హుగ్లీ ఒడ్డున, డెన్మార్కు పాలనలో ఉన్న శ్రీరాంపూర్‌కి మకాం మారింది. కంపెనీ వాళ్ళు అక్కడ అడ్డుపెట్టలేరు. జాషువా మార్ష్‌మన్ బడిపంతులు, విలియం వార్డ్ ముద్రణ తెలిసినవాడు. ఈ ముగ్గురూ ఒకే ఇంట్లో, ఒకే డబ్బుపెట్టెతో బతికారు. ఆ డిసెంబరు 28న కృష్ణ పాల్ అనే వడ్రంగి హుగ్లీలో బాప్తిస్మం తీసుకున్నాడు. కీలు తప్పిన భుజాన్ని థామస్ సరిచెయ్యడంతో మొదలైన పరిచయం అది. ఏడేళ్ళు ఎదురుచూసిన రోజు. ఆ రోజే థామస్ ఆనందం పట్టలేక మతి తప్పి ఒక గదిలో, డొరతీ ఇంకో గదిలో కేకలు వేస్తున్నారు. కేరీ ఒక పక్క కొడుకు ఫెలిక్స్‌నీ ఇంకో పక్క కృష్ణ పాల్‌నీ వెంటబెట్టుకుని నదిలోకి దిగాడు. దేవుడి మేలూ ఇంటి శోకమూ వేర్వేరు రోజుల్లో వస్తాయని ఎవరన్నారు!

ఇక అచ్చుకూటం. మెకానికల్ వాళ్ళూ, ఈ భాగం మీకోసం. అప్పట్లో ఒక అక్షరం అచ్చవ్వాలంటే ముందు ఉక్కు కడ్డీ కొన మీద ఆ అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. అది పంచ్. దాన్ని రాగి ముక్క మీద కొడితే గుంట పడుతుంది. ఆ గుంటని అచ్చులో బిగించి కరిగిన సీసం పోస్తే ఒక అక్షరం. ఇంగ్లీషుకి ఇరవై ఆరు అక్షరాలతో చాలావరకు అయిపోతుంది. మన భాషకి గుణింతాలు, ఒత్తులు కలిపి వందల్లో చెక్కాలి. పంచానన్ కర్మకార్ అనే కమ్మరి ఈ విద్యలో దిట్ట. ఆయనా, 1804లో ఆయన పోయాక అల్లుడు మనోహరూ కలిసి శ్రీరాంపూర్‌ని ఆసియా భాషల అక్షరాల కొలిమిగా చేశారు. విశాఖపట్నంలో పనిచేసి 1810లో అక్కడే చనిపోయిన అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగులోకి మార్చిన సువార్తలు కూడా 1812లో అచ్చయింది శ్రీరాంపూర్‌లోనే.

1812 మార్చి 11. సాయంత్రం. కేరీ ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాల కోసం కలకత్తాలో ఉన్నాడు. అచ్చుకూటం ఒక కొసన కాగితం నిల్వ చేసే చోట పొగ లేచింది. వార్డ్ పరుగెత్తుకొచ్చి తలుపులూ కిటికీలూ మూయించాడు. గాలి ఆడకపోతే మంట చస్తుందని. సరైన ఆలోచనే. పైకప్పుకి చిల్లి పెట్టి గంటల తరబడి నీళ్ళు పోశారు. మంట అణుగుతోందనగా ఎవరో కిటికీలు తెరిచారు. అంతే, భగ్గుమంది. అర్ధరాత్రికి కప్పు కూలింది. ప్రాణాలు మాత్రం ఎవరివీ పోలేదు.

మర్నాడు పొద్దున్నే మార్ష్‌మన్ కలకత్తా వెళ్ళి చెప్పాడు. కేరీకి కాసేపు నోట మాట రాలేదు. సాయంత్రానికి శ్రీరాంపూర్ వచ్చి చూస్తే బూడిద ఇంకా పొగలు కక్కుతోంది. పద్నాలుగు భాషల అచ్చక్షరాలు సీసం ముద్దలయ్యాయి. గుట్టల కొద్దీ కాగితం పోయింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ రాతప్రతులు. సంస్కృతం ఆధారంగా అనేక భాషల మాటలన్నీ ఒకచోట చేర్చిన మహా నిఘంటువు, ఎన్నో ఏళ్ళ పని. అనువాదాల ప్రతులు. పంజాబీ వ్యాకరణం. మన తెలుగు వ్యాకరణం.

బూడిద తవ్వితే ఉక్కు పంచ్‌లు దొరికాయి, దాదాపు చెక్కుచెదరకుండా. ప్రెస్సులు కూడా మిగిలాయి. కరిగిన సీసాన్ని ఏరి మళ్ళీ కొలిమిలో వేశారు. కొద్ది రోజుల్లోనే పోత మొదలైంది, పనివాళ్ళు వంతులు వేసుకుని రాత్రీ పగలూ చేశారు. కంప్యూటర్స్ వాళ్ళ భాషలో చెప్పాలంటే పంచ్‌లు సోర్స్ కోడ్, అక్షరాలు బిల్డ్. బిల్డ్ పోయింది, సోర్స్ ఉంది. రాతప్రతుల గతి మాత్రం అది కాదు. వాటికి బ్యాకప్ ఒక యాభై ఏళ్ళ మనిషి బుర్ర, పక్కన కూర్చునే పండితుల బుర్రలు, అంతే.

ఆ ఆదివారం కేరీ కలకత్తాలో ప్రసంగం చేశాడు. 46వ కీర్తనలోంచి వాక్యం తీసుకున్నాడు. దేవుడికి తన ఇష్టప్రకారం చేసే హక్కు ఉందనీ, దానికి తలవంచడం మన వంతనీ దాని సారం. ఇక్కడ నాకు మొదట చిరాకేసింది. మళ్ళీ అదే మాట కదా, మన మంచికే అని! రెండోసారి చదివితే తేడా తెలిసింది. ఆయన అది మంచికే అనలేదు. పోయిందాన్ని పోయిందనే అన్నాడు, ఉత్తరాల్లో నష్టాన్ని లెక్కవేసి మరీ రాశాడు. మన పని చూసుకుని మనం గర్వపడ్డామేమో అని తనని తాను తరచుకున్నాడు. ఒకసారి నడిచిన దారే కదా, రెండోసారి ఇంత కష్టం ఉండదులే అన్న అర్థం వచ్చేలా కూడా ఒకచోట రాశాడు. కారణం మాత్రం కనిపెట్టే ప్రయత్నం చెయ్యలేదు. కూర్చుని మొదటి పేజీ నుంచి మళ్ళీ రాశాడు.

తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది. ఇంగ్లీషులో అచ్చయిన మొదటి తెలుగు వ్యాకరణం అదే. మహా నిఘంటువు మాత్రం మళ్ళీ ఎప్పటికీ పూర్తికాలేదు. నష్టపోయిన డబ్బు, వార్త ఇంగ్లండు చేరాక రెండు నెలల్లోపే చందాలతో వచ్చేసింది. సాక్ష్యం చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆపుతారు, పోయింది రెట్టింపు వచ్చింది స్తోత్రం అని. నేను ఇంకో రెండేళ్ళు ముందుకెళ్తాను. 1816లో మద్రాసులో ఎ.డి. కాంప్‌బెల్ ఇంకా మంచి తెలుగు వ్యాకరణం వేశాడు. కేరీ పుస్తకం వెనకబడింది. 1818లో శ్రీరాంపూర్ నుంచి వచ్చిన తెలుగు కొత్త నిబంధన కూడా నిలవలేదు, తర్వాతి వాళ్ళు వేరే అనువాదాలు చేసుకున్నారు. బూడిదలోంచి తీసి రాసిన పుస్తకం రెండేళ్ళకి పాతబడిపోయింది. ఫలితం చూసి పని చేసే మనిషైతే అక్కడితో కుప్పకూలాలి. ఈయన సంస్కృతం, ఒడియా, మరాఠీ పనులు చేసుకుంటూ పోయాడు.

దెబ్బలు కూడా అక్కడితో ఆగలేదు. 1821లో రెండో భార్య షార్లెట్ పోయింది. 1822లో ఫెలిక్స్ పోయాడు, తండ్రి కంటే ముందు. 1823 మార్చిలో వార్డ్ కలరాతో పోయాడు. ఆ అక్టోబరులో కలకత్తా నుంచి వస్తూ పడవ దిగేటప్పుడు జారిపడి కేరీ తుంటి దెబ్బతింది. మంచంలో ఉండగానే వరద వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ప్రాణంలా పెంచుకున్న తోట ఇసుక కింద పోయింది. ఆ తోట గురించి ఒక ముక్క చెప్పాలి. మన సామర్లకోటలో మొక్కల మీద పనిచేసి తర్వాత కలకత్తా వెళ్ళిన రాక్స్‌బర్గ్ ఈయనకి మంచి స్నేహితుడు. ఒక చెట్టుజాతికి కేరియా అని ఈయన పేరే పెట్టాడు. రాక్స్‌బర్గ్ పోయాక ఆయన వృక్షశాస్త్ర గ్రంథాన్ని శ్రీరాంపూర్‌లో అచ్చువేసింది కేరీయే. అలాంటి మనిషి కర్రల సాయంతో లేచాక మొదట చేసిన పనుల్లో ఒకటి మళ్ళీ విత్తనాలు వెయ్యడం.

ఇంగ్లండు సంఘంతో ఆస్తుల మీద తగాదా ముదిరి 1827లో తెగతెంపులయ్యాయి. ఎవరి కోసం అన్నీ వదులుకున్నాడో వాళ్ళే అనుమానించారు. తర్వాత కలకత్తా వ్యాపార సంస్థలు దివాలా తీసి దాచిన డబ్బు పోయింది. 1829 డిసెంబరులో సతీసహగమన నిషేధ చట్టం బెంగాలీ చెయ్యమని ఆయన చేతికి వచ్చినప్పుడు ఆదివారం. ప్రసంగం ఇంకొకరికి అప్పగించి, రోజంతా కూర్చుని అనువాదం చేశాడు. ఒక్క రోజు ఆలస్యమైతే ఎక్కడో ఒక ఆడమనిషి కాలిపోతుందని.

1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లో చనిపోయాడు. సమాధి రాయి సాదాగా ఉండాలని, తను చేసిన పనుల పట్టిక దాని మీద వద్దని ముందే చెప్పిపెట్టాడు. ఏమీ లేని దీనుడిగా దేవుడి చేతుల్లో పడుతున్నానన్న అర్థం వచ్చే పాట ముక్క ఒకటి చాలన్నాడు. డొరతీ సమాధి కూడా ఆ ఊళ్ళోనే ఉంది. శ్రీరాంపూర్ ఎప్పుడైనా వెళ్తే ముందు అక్కడికి వెళ్ళాలని ఉంది.

ఇది రాస్తూ మొన్న రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. నాన్న పోయిన వారం తిరక్కుండానే ఆదివారం చర్చికి ఎలా వెళ్ళగలిగావమ్మా అని అడిగాను. అప్పుడు నేను కోపంతో ఇంట్లోనే ఉండిపోయాను, ఎందుకు వెళ్తున్నావని కూడా అడగలేదు. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు ఒక్క పాట కూడా పాడలేకపోయానని, ప్రసంగం ఏం చెప్పారో కూడా తెలీదని, చివరి వరకూ వెనక చాప మీద కూర్చుని వచ్చేశానని చెప్పింది. మరి ఎందుకు వెళ్ళావంటే, ఆదివారం కదరా నాన్నా అంది. తర్వాత, సప్లీ ఫీజు కట్టావా లేదా అని అడిగింది.